బ్యాంకాక్‌కి పట్టుకెళ్ళిన అన్నవరం ప్రసాదం

బ్యాంకాక్ వెళ్ళొచ్చామని చెబితే మా మొగల్తూరులో మగవాళ్ళు మా ఆయన వంక చూసి ముసిముసిగా నవ్వుతారు. నేనూ వెంట ఉన్నానని తెలియగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోతుంది. ఆ ఊరికి అలాంటి పేరుంది మరి. మేం అక్కడ ఉన్నది ఒక్క పగలు. పొద్దున్నే దిగి, సాయంత్రానికి మళ్ళీ విమానాశ్రయం చేరుకున్నాం. చూసినవి ఒక గుడి, ఒక నది, కాలవ గట్టున ఒక చిన్న హోటలు. ఆ హోటల్లో ఏం జరిగిందో మా ఆయన ఒకలా చెబుతారు, నేను ఒకలా చెబుతాను. ఇది నేను చెప్పేది.

ఎందుకు దిగామంటే

మా చెల్లెలి కూతురి పెళ్ళి మెల్‌బోర్న్‌లో. చెల్లెలూ మరిదీ అక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయింది. టిక్కెట్లు కొన్న పెళ్ళికూతురే ఫోన్ చేసి, "పెద్దమ్మా, మధ్యలో బ్యాంకాక్‌లో పన్నెండు గంటలు ఆగాలి. ఎయిర్‌పోర్టులో కూర్చుంటారా, ఊరు చూస్తారా?" అని అడిగింది. నాకు వెంటనే సోమ్‌చాయ్ గుర్తొచ్చాడు. నిజానికి గుర్తు రావడం అనకూడదు. పదిహేనేళ్ళుగా మరిచిపోతే కదా గుర్తు రావడానికి.

సోమ్‌చాయ్ థాయిలాండ్ వాడు, రొయ్యల టెక్నీషియన్. పదకొండు నెలలు మా చెరువుల మీద పనిచేశాడు. నీళ్ళు పరీక్షించడం, మేత ఎంత వెయ్యాలో చెప్పడం, రొయ్యకి జబ్బు తగలకుండా కనిపెట్టుకుని ఉండటం వాడి పని. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. మా పెరటి గదిలో ఉండేవాడు. మూడు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. నన్ను అక్కా అనేవాడు. మొదటి పంట బాగా వచ్చిందని అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకున్నప్పుడు వాణ్ణి కూడా కొండకి తీసుకెళ్ళాం. అక్కడి ప్రసాదం వాడికి ఎంత నచ్చిందంటే, పొట్లం ఆకు నాకేసి, "అక్కా, ఇంకోటి" అని చెయ్యి చాపాడు. ప్రసాదం ఇస్తే ముందు కళ్ళకద్దుకోవాలని ఆ రోజు నేనే నేర్పాను.

మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పై దేశపు టెక్నీషియన్ రాగానే వాడి పాస్‌పోర్టు తీసుకుని రైతు ఇంటి బీరువాలో పెట్టేవాళ్ళు. భద్రంగా ఉంటుందని వాడితో అనేవాళ్ళు. పంట మధ్యలో పక్క రైతు వాణ్ణి లాక్కుపోకుండా, వాడే వెళ్ళిపోకుండా అన్నది అసలు సంగతి. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు, నాతో సహా. ఇప్పుడు థాయిలాండ్ నుంచి ఎవరూ రావడం లేదు. ఒరిస్సా నుంచి వచ్చి చెరువుల మీద ఉంటున్న కూలీల ఆధార్ కార్డులు అదే బీరువాలో, అదే అరలో ఉంటున్నాయి.

రెండో పంట డెబ్బయ్యో రోజున సోమ్‌చాయ్‌కి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళమ్మకి బాగాలేదు, ఆసుపత్రిలో పెట్టారు. మా ఆయన్ని పాస్‌పోర్టు అడిగాడు. "నలభై రోజుల్లో పట్టుబడి పెట్టుకుని ఇప్పుడెళ్తే చెరువులు ఎవడు చూస్తాడు? రొయ్యలు పట్టేశాక వెళ్ళు" అన్నారాయన. వాడు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నన్ను అడిగాడు.

"అక్కా, అమ్మ ఆసుపత్రి. పాస్‌పోర్ట్."

"మీ బావగారితో చెబుతాను తమ్ముడూ. రేపు. ముందు అన్నం తిను."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ రేపు అన్నాను. అలా పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులూ వాడికి కూరలు రెండెక్కువ చేశాను. గోంగూరలో రొయ్యలు వేసి, పీతలు ఇగురు పెట్టి, చాలు చాలంటున్నా వడ్డించాను. గోదావరి జిల్లావాళ్ళం కదా, ఎవరికి ఏ కష్టం వచ్చినా మాకు తోచే మందు కంచం నింపడమే. బీరువా తాళం మా ఆయన దగ్గర లేదు. తాళంచెవుల గుత్తి పగలంతా నా బొడ్లోనే ఉండేది. ఇరవయ్యో రోజు ఫోన్ వచ్చింది. వాళ్ళమ్మ పోయింది.

ఆ పంట మాకు అంతకు ముందెన్నడూ రానంత బాగా వచ్చింది. పట్టుబడి అయ్యాక సోమ్‌చాయ్‌కి కొత్త బట్టలు పెట్టి, స్వీట్లు కట్టి, పాస్‌పోర్టు చేతిలో పెట్టి సాగనంపాం. వాడు దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ దణ్ణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చచ్చిపోతుంది.

పెళ్ళికూతురు ఫోన్‌లో వెతికి వెతికి వాణ్ణి పట్టుకుంది. బ్యాంకాక్‌లోనే హోటలు పెట్టుకున్నాడట. "రండి. ఏ రోజు? భోజనం ఇక్కడే" అని రెండు ముక్కలు రాశాడు. మా ఆయన పొంగిపోయారు. "మన ఇంటి ఉప్పు తిన్నవాడే. మనం వస్తున్నామంటే ఎగిరి గంతేస్తాడు చూడు" అన్నారు. నేను మాత్రం ముందు అన్నవరం వెళ్దామని పట్టుబట్టాను. ఆరు పొట్లాల ప్రసాదం తీసుకుని, అటునుంచి అటే హైదరాబాద్ రైలెక్కాం. వాడు నా చేతి ప్రసాదం ఒక్క ముద్ద నోట్లో వేసుకుంటే చాలనుకున్నాను. క్షమించమని అడిగే మొహం ఎలాగూ లేదు. ప్రసాదాన్ని మాత్రం ఎవరు కాదంటారు అనుకున్నాను.

కొబ్బరి బొండం

విమానాశ్రయం బయటికి రాగానే మొహాన ఆవిరి కొట్టింది. మే నెలలో మా ఉప్పుటేరు గట్టున నిలబడితే కొట్టే ఆవిరే అది. దానికోసం ఇంత దూరం రావాలా అనిపించింది. టాక్సీ అతను యాభై దాటిన మనిషి. అద్దానికి మల్లెమొగ్గల దండ వేలాడదీశాడు. మా మల్లెలే, కాకపోతే చివర ఎర్ర గులాబీ కట్టారు. దారిపొడుగునా హారను కొట్టలేదు. ముందు బండి కదలకపోయినా కొట్టలేదు. మా ఆయనకి చెయ్యి దురద పుట్టింది.

"ఏంటే ఈ మనిషి, మూగనోము పట్టాడా?" అన్నారు.

"మీరు కూడా ఒక్కపూట పట్టి చూడండి" అన్నాను.

ప్రతి కొట్టు ముందూ స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంది. ఆ స్థలాన్ని కాచే దేవత అందులో ఉంటుందట. దాని ముందు పూలు, అరటిపళ్ళు, ఎర్రటి కూల్‌డ్రింక్ సీసా. సీసాలో స్ట్రా కూడా వేసి పెట్టారు. దేవతకి మూత తియ్యడం శ్రమ కాకూడదని కాబోలు. నవ్వొచ్చింది గానీ ఆ శ్రద్ధ నాకు నచ్చింది.

గుడి దగ్గర దిగాక దాహమేసి కొబ్బరి బొండాలు కొన్నాం. లెక్కేసి చూస్తే ఒక్కోటి మన డబ్బుల్లో నూట యాభై దాకా పడింది. పై పీచంతా చెక్కి, ఐసులో పెట్టి ఇచ్చింది కొట్టమ్మాయి. నీళ్ళు తియ్యగా ఉన్నాయి, కాదనను. కాకపోతే గోదావరి జిల్లా నుంచి వెళ్ళి, ఆ ధర పెట్టి కొబ్బరినీళ్ళు తాగిన సంగతి ఊళ్ళో చెప్పుకోకూడదని ఇద్దరం అక్కడే ఒట్టేసుకున్నాం. ఇదిగో, నేను తప్పాను.

పడుకున్న బుద్ధుడు

వాట్ ఫో అనే గుళ్ళో బుద్ధుడు కుడిచెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంటాడు. ఒళ్ళంతా బంగారు పూత. తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా నడవాలంటే జనంలో చాలాసేపు పట్టింది. అరికాళ్ళలో ముత్యపు చిప్పలతో పొదిగిన బొమ్మలున్నాయి. మా నరసాపురం ఆడవాళ్ళు లేసు అల్లేటప్పుడు ఒక పువ్వు పక్కన ఒక పువ్వు వేసుకుంటూ పోయినట్టు, ఆ అరికాళ్ళు ఎవరో ఓపికమంతులు చేసిన పనిలా ఉన్నాయి.

చిన్న మందిరంలో జనం మోకాళ్ళు మడిచి నేల మీద కూర్చున్నారు. మా ఆయన మోకాళ్ళ నొప్పని రెండు కాళ్ళూ బుద్ధుడి వైపు చాపి కూర్చున్నారు. కాపలా ఆవిడ గబగబా వచ్చింది. తిట్టలేదు, అరవలేదు. ఆయన ముందు గొంతుక్కూర్చుని, నవ్వుతూ, రెండు చేతులతో ఆయన పాదాలు పట్టుకుని పక్కకి తిప్పి పెట్టింది. దేవుడి వైపు కాళ్ళు చాపకూడదని మనకీ తెలుసు. పరాయి దేవుడని కాళ్ళు చాపామేమో. అంత పెద్దమనిషి, నలుగురికి చెప్పే మనిషి, చెవుల దాకా ఎర్రబడిపోయారు.

"ఎంత మర్యాదగా పరువు తీసింది!" అన్నారు బయటికొచ్చాక.

నాకు మాత్రం ఆవిడ నవ్వు గుండెల్లో గుచ్చుకుంది. ఈ దేశం వాళ్ళు కోపాన్ని కూడా నవ్వుతూనే చెబుతారా అనుకున్నాను. సోమ్‌చాయ్ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నవ్వుతూనే ఉండేవాడు. పందొమ్మిది రోజులు పాస్‌పోర్టు అడిగినప్పుడు కూడా నవ్వుతూనే అడిగాడు. బాధ ఉంటే మొహంలో కనిపించేది కదా అని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రేవులో తామరమొగ్గలు

వాడి హోటలు నది అవతలి ఒడ్డున. దాటించే పడవ కోసం రేవులో బల్ల మీద కూర్చున్నాం. చావో ఫ్రాయా అని పెద్ద నది. గోధుమరంగు నీళ్ళు, గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. నరసాపురం రేవులో పంటు కోసం కూర్చున్నట్టే ఉంది. ఒకటే తేడా. ఇక్కడ పడవ ఆగగానే దిగేవాళ్ళు దిగేదాకా ఎక్కేవాళ్ళు గీత దాటలేదు. మా పంటు మీద అయితే మోటారుసైకిళ్ళు మనిషి కాళ్ళ మీంచే ఎక్కుతాయి.

బల్ల మీద నా పక్కన ఒక ముసలావిడ తామరమొగ్గలు అమ్ముతోంది. ఒక్కో రేకునీ లోపలికి మడిచి, మొగ్గని గులాబీలా తయారుచేస్తోంది. ఊరికే కూర్చోలేక నేను సంచిలోంచి లేసు సూదీ దారం తీశాను. ఆవిడ నా చేతులు చూసింది, నేను ఆవిడ చేతులు చూశాను. కాసేపటికి ఆవిడ నా ఒళ్ళో ఉన్న లేసు ముక్క తీసుకుని, వెనక్కి తిప్పి ముడులు ఎక్కడున్నాయో వెతికింది. పని తెలిసిన మనిషి ముందు చూసేది వెనకవైపే. ముడి కనపడకపోయేసరికి నా భుజం తట్టింది.

నాకు ఏం చెయ్యాలో తోచక ఒక ప్రసాదం పొట్లం ఇచ్చాను. అది దేవుడిదని, దణ్ణం పెట్టి సైగ చేశాను. ఆవిడ రెండు చేతులూ జోడించి తీసుకుంది. అప్పటికప్పుడే ఆకు విప్పి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని తింది. చివర్న వేలు నాకింది. నాకో తామరమొగ్గ ఇచ్చింది, డబ్బు పుచ్చుకోలేదు.

"చూశావా, ఎవరో దారినపోయే మనిషి, ఎంత ఇష్టంగా తిందో. ఇంక సోమ్‌చాయ్ అయితే ఆకుతో సహా తినేస్తాడు" అన్నారు మా ఆయన. నాకూ ఆశ పుట్టింది. మనిషి ఆశకి ఒక ముసలావిడ వేలు నాకడం చాలదూ!

కాలవ గట్టు హోటలు

అవతలి ఒడ్డున సందులు దాటుకుంటూ వెళ్తే సన్నటి కాలవ. గట్టు మీద రేకుల షెడ్డు, ఎనిమిది బల్లలు. బయట నీళ్ళ తొట్టిలో నీలకంఠ రొయ్యలు, నీలం కాళ్ళు ఆడిస్తూ. సోమ్‌చాయ్ బయటే నిలబడి ఉన్నాడు. లావయ్యాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. చేతులు జోడించి, "నమస్కారం బావగారూ. నమస్కారం అక్కా" అన్నాడు. ఆ పిలుపు వినేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కూర్చోబెట్టాడు. బొగ్గుల మీద కాల్చిన రొయ్యలు వచ్చాయి. పులుసు వచ్చింది, అందులో నిమ్మగడ్డీ మిరపకాయలూ. ఆవిరికి ఉడికించిన పీతలు వచ్చాయి. అన్నం వచ్చింది. అన్నీ వాడే వడ్డించాడు. కంచంలో చోటు కనిపిస్తే చాలు, "ఇంకొంచెం అక్కా, ఇంకొంచెం" అంటూ నింపాడు. ఆ మాటలు నా నోట్లోంచి నేర్చుకున్నవే. మా ఆయన రొయ్యని చేతిలో పట్టుకుని తూకం చూశారు. "కిలోకి ఆరు తూగుతాయోయ్! మేత ఏం వేస్తున్నారు?" అని మొదలుపెట్టి, చెరువులు, ధరలు, జబ్బులు అన్నీ మాట్లాడారు. సోమ్‌చాయ్ తల ఊపుతూ విన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"నువ్వు కూడా కూర్చో తమ్ముడూ, కలిసి తిందాం" అన్నాను.

"మీరు తినండి అక్కా."

మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ అదే మాట. బల్ల పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మా ఇంట్లో నేను కూడా అలాగే నిలబడి వాడికి వడ్డించేదాన్ని. ఆ రొయ్యలు ఎంత రుచిగా ఉన్నాయో నాకు గుర్తు లేదు.

గల్లాపెట్టె పైన గోడకి చిన్న అర ఉంది. అందులో ఒక పెద్దావిడ ఫోటో, ముందు మల్లెదండ, చిన్న గిన్నెలో అన్నం. వాళ్ళమ్మే అని అడగకుండానే తెలిసింది. కళ్ళు వాడివే. మా ఆయన చెయ్యి కడుక్కోవడానికి అవతలికి వెళ్ళారు. ఇంక ఆగలేక లేచి వాడి దగ్గరికి వెళ్ళాను.

"తమ్ముడూ, అప్పుడు బీరువా తాళం మీ బావగారి దగ్గర లేదు. నా దగ్గరే ఉంది."

వాడు నా మొహంలోకి చూశాడు. నవ్వు అలాగే ఉంది.

"తెలుసు అక్కా. అన్నం పెడతారు. తాళం చప్పుడు వస్తుంది."

తల కొట్టేసినట్టయింది. పందొమ్మిది రోజులు నేను వాడి కంచం మీదికి వంగి వడ్డిస్తుంటే, నా బొడ్లో తాళాలు మోగుతూ ఉంటే, వాడు ఆ చప్పుడు వింటూ అన్నం తిన్నాడు. నేను అబద్ధం ఆడుతున్నానని తెలిసే అక్కా అని పిలిచాడు. వాడికి తెలియదన్న ఒక్క ధైర్యంతో నేను ఇన్నేళ్ళు బతికాను. ఆ ధైర్యం కూడా అక్కడితో పోయింది.

సంచిలోంచి ఐదు పొట్లాలూ తీశాను. "అన్నవరం ప్రసాదం తమ్ముడూ. నీకు ఇష్టమని తెచ్చాను. ఒక్క ముద్ద తిను" అన్నాను. అడుక్కుంటున్నట్టే అన్నాను.

వాడు రెండు చేతులా అందుకున్నాడు. నేను నేర్పినట్టే కళ్ళకద్దుకున్నాడు, ముందు కుడి కన్నుకి, తరవాత ఎడమ కన్నుకి. తినబోతున్నాడనుకున్నాను. వెనక్కి తిరిగి, వాళ్ళమ్మ ఫోటో ముందు ఐదూ వరసగా పెట్టాడు. పెట్టి నా వైపు తిరిగాడు.

"రేపు, అక్కా."

"రేపటికి పాడైపోతుంది తమ్ముడూ. మూడు రోజులైంది తెచ్చి. ఇప్పుడే తినాలి."

"రేపు" అన్నాడు మళ్ళీ. గొంతులో కోపం లేదు. ఎంతో మెత్తగా, మర్యాదగా, పదిహేనేళ్ళ కిందట మా వంటింటి గుమ్మంలో నేను అన్నట్టే అన్నాడు.

తిరుగు దారి

ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు. టాక్సీ కూడా తనే పిలిపించాడు. మా ఆయనకి దారిపొడుగునా సంతోషమే.

"పదిహేనేళ్ళయినా తెలుగు మర్చిపోలేదు చూశావా? ఎంత మర్యాద చేశాడు! మనం చూపించిన అభిమానం అలాంటిది మరి."

"వాడు ప్రసాదం తినలేదండీ."

"రేపు తింటానన్నాడుగా?"

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే నాకు ఆ హక్కు లేదు. ఆయన వాడి మొహం మీదే ఇవ్వనని చెప్పి పాపం మూటగట్టుకున్నారు. నేను అన్నం పెడుతూ మూటగట్టుకున్నాను. విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపించమంటే, ఎక్కడ పెట్టానో తోచక సంచంతా కుమ్మరించాను. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నారు. దొరికేదాకా నా గుండె గుండెలో లేదు. పాస్‌పోర్టు కనపడనిది పట్టుమని ఐదు నిమిషాలు కూడా కాదు.

మెల్‌బోర్న్‌లో పెళ్ళి బాగా జరిగింది. ఆ సంగతి చెప్పడానికి మా చెల్లెలు ఉంది.

మొగల్తూరు

ఇంటికొచ్చిన మర్నాడు మా ఆయన చెరువుల మీదికి వెళ్ళాక బీరువా తీశాను. పైఅరలో రబ్బరుబ్యాండు వేసిన ఆధార్ కార్డులు ఏడు ఉన్నాయి. కొంగులో పెట్టుకుని గట్టు మీదికి నడిచాను. ఏడుగురినీ పిలిచి ఎవరిది వాళ్ళకి ఇచ్చాను. "మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటికెళ్ళాలంటే వెళ్ళండి, ఎవరినీ అడగక్కర్లేదు" అన్నాను. మా ఆయన అవతలి గట్టు నుంచి, "ఏమైందే నీకు? మతిపోయిందా?" అని కేకలేస్తూ వస్తున్నారు.

వాళ్ళలో పెద్దవాడు, నలభై ఏళ్ళవాడు, కార్డు పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. వాడి మొహం పాలిపోయింది. మిగతా ఆరుగురూ వాడి వెనక్కి చేరారు. సంతోషిస్తారనుకున్నాను. కార్డులు తిరిగి ఇచ్చారంటే పనిలోంచి తీసేశారని అర్థమట, మా చెరువుల మీద.

"మేం ఏం తప్పు చేశామమ్మగారూ?" అన్నాడు. చేతులు జోడించాడు. "రేపు పనికి రానిస్తారా?"